ముందు టైరు, చివర మోటరు

రిమోట్ కారు అనగానే చాలామందికి మైదానంలో దుమ్ము లేపుతూ దూసుకుపోయే బొమ్మ గుర్తొస్తుంది. నాకు ప్రాణమైన బండి వేరే రకం. మనిషి నడకకన్నా నెమ్మదిగా, ఒక్కో చక్రంతో రాతిని తడుముకుంటూ గుండు మీదికి పాకే చిన్న జీపు అది. రాక్ క్రాలర్ అంటారు. అసలు బండిలో 24వ వంతు ఉండే ఆక్సియల్ ఎస్‌సీఎక్స్24, 18వ వంతు ఉండే ట్రాక్సస్ టీఆర్ఎక్స్-4ఎమ్ ఈ రకంలో పేరున్నవి. వాటి ధర మన ఇళ్లలో భారమే. డబ్ల్యూపీఎల్, ఎంఎన్ అనే చైనా కంపెనీల బండ్లు అంతకన్నా బాగా చవక. ఆ చవక బండిని కొద్దికొద్దిగా బాగుచేసుకుంటూ మన గుట్టలెక్కించడం నా ఆదివారాల పని.

గుట్టలకు మన దగ్గర కొదవ లేదు. నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట, అటు పోతే దేవరకొండ, రాచకొండ, పాలమూరు వైపు కోయిలకొండ. ఎటు చూసినా గ్రానైటే, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. ఎండకూ వానకూ పగుళ్ల వెంట అరిగీ, పైపొరలు ఊడీ ఈ గుండ్రటి గుండ్లు మిగిలాయి. అందుకే ఒకే గుట్ట మీద నున్నగా వాలిన బండా ఉంటుంది, గుండుకూ గుండుకూ మధ్య ఇరుకు సందూ ఉంటుంది, అకస్మాత్తుగా మెట్టులా లేచే అంచూ ఉంటుంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ రాయి ఎక్కే పాఠాలు మొదలుపెట్టింది భువనగిరి కొండ మీదే. ఇతర దేశాల్లో ఈ సరదా ఉన్నవాళ్లు పెరట్లో రాళ్లు పేర్చి, సిమెంటుతో బాటలు కట్టుకుంటారు. మనకు ఊరు దాటితే చాలు.

మా మేనల్లుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. బండి ఎక్కడైనా ఆగిందంటే వాడి నోట ముందొచ్చే మాట, "మామా, పెద్ద మోటరు వేద్దామా?" నా జవాబు ఎప్పుడూ ఒకటే: "ఆగురా, అది ఎందుకు ఆగిందో ముందు చూడు." బండి ఆగే తీరులు చాలా ఉన్నాయి. చక్రాలు తిరుగుతూనే జారుతుందా, ముందు చక్రాలు గాల్లోకి లేచి వెనక్కి పల్టీ కొడుతుందా, చక్రం రాతికి ఇరుక్కుని పక్కకు తిరగలేకపోతుందా? మోటరు శక్తి చాలక ఆగడం నేను చూసినంతలో అరుదు. ఈ బండ్లలో గేర్లు వేగాన్ని బాగా తగ్గిస్తాయి కాబట్టి చిన్న మోటరే చాలినంత లాగుతుంది.

జారడం సంగతి తీసుకుందాం. టైరుకూ రాతికీ మధ్య ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, నాలుగు చక్రాలూ లాగినా 35 డిగ్రీల వాలు దాటి బండి ఎక్కదు. గుణకం 1 అయితే 45 డిగ్రీల దాకా ఎక్కుతుంది. ఎంత మోటరు పెట్టినా ఈ లెక్క మారదు, రబ్బరు మారితేనే మారుతుంది. చవక బండికి వచ్చే టైరు గట్టిది, గోరుతో నొక్కితే సొట్ట పడదు. అందుకే నా మొదటి ఖర్చు మెత్తటి రబ్బరు టైర్లకే. కొనలేని నెలలో ఉన్న టైరుకే సన్నటి రంధ్రం పెట్టి, లోపల గిన్నెలు తోమే స్పాంజి ముక్క కత్తిరించి అమర్చాను. లోపలి గాలి బయటికి పోయే దారి ఉంటే టైరు రాతి అంచు మీద మడత పడి దాన్ని పట్టుకుంటుంది.

రెండోది బరువు. దీనికి లెక్క వేసి చూపిస్తే మా వాడు కూడా నమ్మాడు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 130 మిల్లీమీటర్లు, బరువు సరిగ్గా నడుమ, నేల నుంచి 50 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. 52 డిగ్రీల దగ్గర బండి వెనక్కి పడుతుంది. ఆ బరువును 40 మిల్లీమీటర్లకు దించితే 58 డిగ్రీలు. దించి, 10 మిల్లీమీటర్లు ముందుకు కూడా జరిపితే దాదాపు 62. నున్నటి బండ మీద పల్టీ కన్నా ముందు జారుడే వస్తుంది గానీ, మెట్టులాంటి అంచు దగ్గర బండి ముక్కు పైకి లేస్తుంది. అక్కడ ఈ పది డిగ్రీలే ఆదుకుంటాయి.

బరువు కోసం ఇత్తడి భాగాలు అమ్ముతారు. మంచివే, కానీ ఖరీదు. ఇత్తడికన్నా సీసం బరువైనది, చవకైనది. కారు చక్రాల బ్యాలెన్సింగుకు టైర్ల షాపుల్లో అతికించే ముక్కలు గానీ, వలలకు కట్టే సీసపు గుళ్లు గానీ తెచ్చి ముందు చక్రాల రిమ్ముల లోపల సర్దాను. వెనక చక్రాలకు ఏమీ పెట్టలేదు. సీసం విషం. దాన్ని టేపుతో పూర్తిగా చుట్టేయాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, చిన్నపిల్లలకు ఆ పని అప్పగించకూడదు. మరీ ఎక్కువ బరువు వేస్తే ప్లాస్టిక్ గేర్ల పళ్లు రాలతాయి, ముందు చక్రాలు తిరగడం కష్టమవుతుంది.

అప్పుడు కావాల్సింది గట్టి సర్వో, అంటే ముందు చక్రాలను పక్కకు తిప్పే చిన్న యంత్రం. ఎంజీ90ఎస్ అనే లోహపు గేర్ల చిన్న సర్వో కాలేజీ ప్రాజెక్టులకు వాడేదే, హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: కొన్ని చవక బండ్లలో స్టీరింగుకు అయిదు తీగలుంటాయి, దీనికి మూడే. అలాంటి బండికి రిసీవరు కూడా మార్చాల్సిందే. మార్చేటప్పుడు స్పీడు కంట్రోలరు డ్రాగ్ బ్రేక్ ఉన్నది తీసుకోండి. ట్రిగ్గరు వదిలినా బండి వాలు మీద నిలబడుతుంది. నాకైతే పెద్ద మోటరుకన్నా ఈ బ్రేకే ఎక్కువ అవసరమనిపించింది.

చేతికి డబ్బు వచ్చినప్పుడల్లా ఒక్కో భాగం చేసుకుంటూ పోవడం మన నేలకు కొత్త కాదు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం, చీర నేతకు ముందు దారం చుట్టే ఆసు యంత్రాన్ని 1992లో మొదలుపెట్టి 1999 దాకా అలాగే కట్టుకొచ్చారు. తల్లి భుజాల నొప్పి తీర్చాలని చేసిన ఆ పనికి 2017లో పద్మశ్రీ వచ్చింది. నా ఆటబొమ్మను ఆ పని పక్కన నిలబెట్టను. కానీ ఎక్కడ అడ్డం పడుతుందో కనిపెట్టి, అంతవరకే బాగుచేసి, మళ్లీ నడిపి చూసే ఓపిక ఆయన దగ్గర నేర్చుకోదగ్గది. మా వాడికి చెప్పేదీ అదే. ఒకేసారి నాలుగు భాగాలు మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఇంట్లో పిల్లలకు ఇలాంటి బండి ఉంటే, ఒక ఆదివారం దగ్గర్లోని గుట్టకు తీసుకుపోండి. వేసవిలో బండ కాలకముందే దిగిరండి, లైపో బ్యాటరీకి ఆ వేడి మంచిది కాదు. సెల్లుకు 3.3 వోల్టుల కిందికి దిగనివ్వకండి. విరిగిన ప్లాస్టిక్ ముక్కలు ఏరి ఇంటికి తెచ్చుకోండి. మోటరు సంగతి వచ్చే ఏడాది చూడొచ్చు.