ఉమ్మడి ప్రయోగశాల – రాయని లెక్క: 'ది ఇమ్మోర్టల్ లైఫ్ ఆఫ్ హెన్రియెట్టా లాక్స్' – విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం:

వైద్య పరిశోధన ఏ ఒక్క విశ్వవిద్యాలయమూ తన గోడల మధ్యనే పూర్తిచేయగలిగే పని కాదు. ఖరీదైన పరికరాలను, జీవపదార్థాలను, వాటిని వాడే నైపుణ్యాన్ని ఒకచోట సమకూర్చి అవసరమైనవారందరికీ అందించే ఉమ్మడి ప్రయోగశాలలు దానికి ఆధారం. ఫలితం ప్రకటించినవారి పేరు చరిత్రకెక్కినంత సులభంగా ఈ ప్రయోగశాలల పేర్లు ఎక్కవు. 2010లో వెలువడిన రెబెక్కా స్క్లూట్ రచన 'ది ఇమ్మోర్టల్ లైఫ్ ఆఫ్ హెన్రియెట్టా లాక్స్' ఆ లోటును కొంత తీర్చింది. ఈ గ్రంథంపై చర్చ అనుమతి, యాజమాన్యం అనే రెండు ప్రశ్నల చుట్టూనే ఎక్కువగా సాగింది. ఉమ్మడి ప్రయోగశాలను గ్రంథం ఎలా చిత్రించింది, ఆ చిత్రణలో మరుగునపడినదేమిటి అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

1. గ్రంథ నిర్మాణం:

హెన్రియెట్టా లాక్స్ (1920–1951) ఆఫ్రికన్ అమెరికన్ మహిళ. 1951లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో చేరింది. ఆమెను అడగకుండానే తీసిన కణజాలం జార్జ్ గై ప్రయోగశాలకు చేరింది. అప్పటివరకు మానవ కణాలు గాజు నాళికల్లో కొద్దిరోజులకే నశించేవి. ఇవి మాత్రం ఆగకుండా విభజన చెందాయి. ఆమె పేరులోని తొలి అక్షరాలతో వాటికి 'హీలా' అన్న పేరు స్థిరపడింది. గై వాటిని అడిగిన శాస్త్రజ్ఞులకు ఉచితంగా పంపాడు.

స్క్లూట్ ఈ వృత్తాంతాన్ని జీవితం, మరణం, అమరత్వం అనే మూడు భాగాలుగా నిర్మించింది. కణాల చరిత్ర, కుటుంబ చరిత్ర జంటగా నడుస్తాయి. హెన్రియెట్టా కూతురు డెబోరా అన్వేషణ ఈ రెండింటినీ కలిపే సూత్రం. శాస్త్ర విషయాన్ని సామాన్య పాఠకునికి చేరువ చేయడంలో ఈ శిల్పం సఫలమైంది.

2. టస్కెగీ – కర్మాగారమా, ప్రయోగశాలా?

పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో జోనస్ సాక్ రూపొందించిన పోలియో టీకాను 1954లో సుమారు 18 లక్షల మంది పిల్లలు పాల్గొన్న క్షేత్ర పరీక్షలో పరిశీలించారు. ఫలితాల మూల్యాంకనాన్ని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ ఫ్రాన్సిస్ నిర్వహించాడు. పిల్లల రక్తరసిలో ప్రతిరక్షకాలు ఏర్పడ్డాయో లేదో తేలాలంటే దానిని వైరస్‌తో కలిపి సజీవ కణాలకు చేర్చాలి. కణాలు బతికితే ప్రతిరక్షకాలు ఉన్నట్లు, నశిస్తే లేనట్లు. అందుకు కోతుల కణాలు వాడటం ఖర్చుతో కూడిన పని. పోలియో వైరస్ హీలా కణాలకూ సోకుతుందని తేలడంతో వాటిని పెద్ద ఎత్తున పెంచే కేంద్రాన్ని నేషనల్ ఫౌండేషన్ ఫర్ ఇన్‌ఫాంటైల్ పెరాలిసిస్ సహాయంతో అలబామాలోని టస్కెగీ విద్యాసంస్థలో నెలకొల్పారు. రస్సెల్ బ్రౌన్, జేమ్స్ హెండర్సన్ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో శిక్షణ పొంది దీనిని నడిపారు. 1953–55 మధ్య ఇక్కడి నుంచి సుమారు 6 లక్షల నాళికలు వివిధ ప్రయోగశాలలకు చేరాయి.

స్క్లూట్ ఈ ఘట్టానికి 'ది హీలా ఫ్యాక్టరీ' అని పేరు పెట్టింది. నల్లజాతి మహిళ కణాలను నల్లజాతి సిబ్బంది పెంచుతుండగా, అదే ప్రాంగణంతో ముడిపడిన సిఫిలిస్ అధ్యయనంలో (1932–72) నల్లజాతి పురుషులకు చికిత్స అందకుండా చేశారన్న వైరుధ్యాన్ని ఆమె సమర్థంగా చూపింది. అయితే 'కర్మాగారం' అన్న రూపకం దృష్టిని పరిమాణం మీదికి మళ్లిస్తుంది. కణాలకు తగిన ఉష్ణోగ్రత కాపాడటం, నాళికలు కలుషితం కాకుండా చూడటం, దూరప్రాంతాలకు సజీవంగా చేర్చడం యాంత్రికమైన ఉత్పత్తి కాదు, శాస్త్రీయ నైపుణ్యం. శ్రమించినవారి పేరు ఫలితంలో ఎందుకు కనిపించదన్నది తెలుగు అభ్యుదయ, దళిత విమర్శలకు చిరపరిచితమైన ప్రశ్న. ఆ ప్రశ్నను హెన్రియెట్టా విషయంలో బలంగా వేసిన గ్రంథం టస్కెగీ సిబ్బంది విషయంలో వైరుధ్యాన్ని చూపడంతో ఆగిపోయింది.

3. లెక్కలేని పంపకం:

గ్రంథంలో వేర్వేరు అధ్యాయాల్లో ఉన్న రెండు సంఘటనలను కలిపి చదవాలి. 1966లో స్టాన్లీ గార్ట్‌లర్, వేర్వేరువిగా భావిస్తున్న 18 కణశ్రేణులు నిజానికి హీలా కణాలతో కలుషితమయ్యాయని ప్రకటించాడు. ఆ కల్తీని గుర్తించే ఆధారాల కోసం 1973లో పరిశోధకులు లాక్స్ కుటుంబం నుంచి రక్త నమూనాలు తీసుకున్నారు. ఆ పరీక్ష తనకు క్యాన్సర్ ఉందో లేదో తేల్చడానికేనని డెబోరా నమ్మింది. మొదటిది శాస్త్రీయ లోపం, రెండవది నైతిక లోపం. రెండింటికీ మూలం ఒక్కటే: ఏ కణం ఎవరిది, ఎక్కడి నుంచి ఎక్కడికి చేరింది, ఎవరికి ఏమి చెప్పారు అన్న లెక్క లేకపోవడం. గ్రంథం ఈ రెండింటినీ వివరంగా చెప్పినా, వాటి ఉమ్మడి మూలాన్ని సూత్రీకరించలేదు. అందువల్ల పంచుకోవడమే దోషమన్న భావన పాఠకునిలో మిగిలే అవకాశముంది.

ముగింపు:

హీలా చరిత్రలో దోషం కణాలను పంచుకోవడంలో లేదు. పంచుకోవడానికి నియమం లేకపోవడంలో ఉంది. గ్రంథం వెలువడిన తరువాతి పరిణామం దీనికి సాక్ష్యం. 2013లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు లాక్స్ కుటుంబంతో ఒక అవగాహనకు వచ్చి, హీలా జన్యుక్రమ సమాచారం కోరే దరఖాస్తులను పరిశీలించే సంఘంలో కుటుంబ సభ్యులకు స్థానం కల్పించాయి. పంపకం ఆగలేదు, దానికి లెక్క, సమ్మతి తోడయ్యాయి. స్క్లూట్ రచన ఒక స్త్రీకి ఆమె పేరును తిరిగి ఇచ్చింది. కణాలను కాపాడి, పరీక్షించి, పంపిన సిబ్బంది చరిత్రను అదే శ్రద్ధతో రాయవలసిన బాధ్యతను తరువాతి పరిశోధకులకు మిగిల్చింది.