వేట లేని రోజులు

ఏప్రిల్ 15 వచ్చిందంటే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో డీజిల్ వాసన తగ్గి పెయింటు వాసన మొదలవుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు వేటకు వెళ్లకూడదు. 2015కు ముందు ఈ నిషేధం 47 రోజులే ఉండేది.

ఆ రోజుల్లో హార్బర్‌కి వెళ్లడం నాకిష్టం. తీరిగ్గా ఉన్న మనుషుల్ని చూద్దామని వెళ్తాను గానీ, తీరిగ్గా ఎవరూ కనపడరు. ఒడ్డెక్కించిన బోటు అడుగున పట్టిన గుల్లల్ని ఒకతను గీకుతుంటాడు. ఇంకొకతను చెక్కల సందుల్లో దూది కూరుతుంటాడు. నీడపట్టున ఓ పెద్దాయన కాలి బొటనవేలికి వల తగిలించుకుని, తెగిన కన్ను పక్కన మంచి కన్ను చూసుకుంటూ అల్లుకుపోతుంటాడు. చేతులు ఆగవు, కబుర్లూ ఆగవు. పక్కన కూర్చున్న కుర్రాడికి ముడి ఎలా బిగించాలో చెప్పేదీ అప్పుడే. వేట రోజుల్లో వల చిరిగితే ఏదో ఒకటి కట్టేసి నీళ్లలోకి దించాల్సిందే, నేర్పే ఓపిక ఎవరికుంటుంది?

రాసేవాళ్లకూ ఇలాంటి విరామం కావాలి, అక్షరం రాయని రోజు కూడా వల బాగుచేసుకునే రోజే అని ఇక్కడో మాట అనేయొచ్చు. కానీ రాసినా రాయకపోయినా నాకు నెల తిరిగేసరికి జీతం పడుతుంది. బోటు మీద పనిచేసే కళాసీకి అలా కాదు. పట్టిన చేపలో వాటాయే అతని కూలి. వేట లేకపోతే వాటా లేదు. 2025లో ప్రభుత్వం వేట నిషేధ భృతిని 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచింది. మంచిదే. 61 రోజులకు పంచితే రోజుకు 328 రూపాయలు, ఇంటిల్లిపాదికీ. సముద్రానికి సెలవు ఇవ్వాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. ఆ సెలవు ఖర్చు మాత్రం చేప తినే మనం ఇంకాస్త పంచుకోవాలి.

పైగా ఆ భృతి బోటెక్కేవాళ్ల లెక్కన వస్తుంది. గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే అమ్మ బోటెక్కదు. ఈ రెండు నెలలూ ఆమె ఎండుచేపలో, చెరువు చేపలో తెచ్చి అమ్ముతుంది. సముద్రం చేప కాదు కదా అని మనం ఇంకో ఇరవై తగ్గించమంటాం.