గ్లాసుడు నీళ్ళు, ఒక్క బ్లేడు

2002లో జిలెట్ కంపెనీ మన దేశం కోసం ప్రత్యేకంగా వెక్టర్ అనే రేజర్ తెచ్చింది. మనవాళ్ళ గడ్డం ఒత్తు, పైగా రోజూ గీసుకోరు కాబట్టి వెంట్రుక కాస్త పొడుగు. అది బ్లేళ్ళ మధ్య ఇరుక్కోకుండా ఏదో ఏర్పాటు చేశారు. అమెరికాలో ఎం.ఐ.టి.లో చదువుతున్న భారతీయ విద్యార్థులకిచ్చి పరీక్ష పెడితే, బ్రహ్మాండంగా ఉందన్నారు. తీరా ఇక్కడికొచ్చాక చతికిలబడింది. ఆ విద్యార్థులు కుళాయి ధార కింద కడుక్కుంటూ గీసుకున్నారు. ఇక్కడి మనిషి కిందో పీట మీదో కూర్చుని, అద్దం ఎక్కడో ఆనించుకుని, పక్కన గ్లాసుడు నీళ్ళు పెట్టుకుని గీసుకుంటాడు. ఆ గ్లాసులో ఎంత జాడించినా ఇరుక్కున్న వెంట్రుకలు ఊడిరాలేదు. మళ్ళీ మొదటికొచ్చి, 2010లో ఒకే బ్లేడున్న గార్డ్‌ను 15 రూపాయలకు అమ్మకానికి పెట్టారు.

తమాషా ఏమిటంటే, గ్లాసుడు నీళ్ళతో పనైపోయే రేజర్ అదే కంపెనీకి వందేళ్ళ కిందే ఉంది. కింగ్ క్యాంప్ జిలెట్‌కు అమెరికాలో 1904లో పేటెంట్ వచ్చిన సేఫ్టీ రేజర్ అది. పల్చటి ఉక్కు రేకును వంచి రెండు పలకల మధ్య బిగించడం, అంచు మాత్రం కొద్దిగా బయటికి కనిపించేలా ఉంచడం, అంతే దాని నిర్మాణం. బ్లేడు ముందంతా ఖాళీ. నీళ్ళలో రెండుసార్లు ఆడిస్తే నురగా వెంట్రుకలూ వదిలిపోతాయి. 1903లో మొదటిసారి అమ్మకానికి పెట్టినప్పుడు ఆ ఏడాది మొత్తానికి 51 రేజర్లు, 168 బ్లేడ్లు పోయాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికులకు లక్షల సంఖ్యలో వీటిని పంచాక మగవాళ్ళ ఇళ్ళలో మంగలికత్తి స్థానం దీనిదైంది. 1971లో రెండు బ్లేడ్ల కార్ట్రిడ్జి వచ్చింది. ఆ తర్వాత మూడు, నాలుగు, అయిదు. లెక్క పెరిగినకొద్దీ ధరా పెరిగింది. గడ్డం అదే గడ్డం.

నేను కార్ట్రిడ్జి నుంచి పాత రేజర్‌కు మారిన మొదటి రోజే దవడ కింద మూడు గాట్లు పెట్టుకున్నాను. తప్పు రేజర్‌ది కాదు, నా చేతిది. కార్ట్రిడ్జి తల స్ప్రింగులా ఊగుతుంది, ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది; అందుకే నొక్కడం అలవాటైపోతుంది. పాత రేజర్ ఆ ఆటలు సాగనివ్వదు. జర్మనీలోని జోలింగన్ పట్టణంలో తయారయ్యే మెర్కూర్ 34సి రేజర్ బరువు సుమారు 77 గ్రాములు. ఆ బరువే చాలు, మన బలం కలపనక్కర్లేదు. పిడిని కొసన రెండు వేళ్ళతో పట్టుకుంటే నొక్కుదామన్నా కుదరదు. మొదట్లో ఇదే మంచి ఉపాయం. రేజర్ తలను చెంపకు ఆనించి పిడిని మెల్లగా కిందికి దించుతూ పోవాలి. బ్లేడు చర్మానికి తాకిన చోట ఆగాలి. అక్కడ కోణం ముప్పై డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. కోణమానిని వెతకక్కర్లేదు, చెవి చాలు. వెంట్రుక తెగేటప్పుడు సన్నని గరగర వినబడుతుంది. చప్పుడు ఆగిందంటే కోణమైనా తప్పింది, లేదా అక్కడ తెగడానికేమీ మిగల్లేదు.

కానీ గడ్డం నున్నగా రావడం బ్లేడు పట్టకముందే సగం తేలిపోతుంది. ఎండు వెంట్రుక మొండిది. రెండు మూడు నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో నానితే ఉబ్బి మెత్తబడుతుంది, కోయడానికి బలం బాగా తగ్గుతుంది. అందుకే స్నానం తర్వాత గీసుకోమంటారు. మన ఇళ్ళలో చాలామంది స్నానానికి ముందే గీసుకుంటారు, ఆచారం అలాంటిది. అలాంటప్పుడు వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలును కాసేపు మొహానికి అద్దుకుంటే సరిపోతుంది.

నీళ్ళు అలా పట్టి ఉంచడమే నురగ పని. స్నానం సబ్బు రుద్దుకుని గీసుకునేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. అది ఎక్కువగా సోడియం లవణం. దాని నురగ చెంప దాటేలోపు ఆరిపోతుంది. గడ్డం సబ్బులో స్టియరిక్ ఆమ్లం పాలు ఎక్కువ, పొటాషియం లవణం కూడా కలుస్తుంది. అందుకే బుడగలు సన్నగా, చిక్కగా వచ్చి నిలుస్తాయి. తడి బ్రష్‌ను సబ్బు మీద అర నిమిషం తిప్పి, తర్వాత చెంప మీదో గిన్నెలోనో గుండ్రంగా కలుపుతూ చుక్క చుక్కగా నీళ్ళు చేర్చాలి. బుడగలు కంటికి కనిపిస్తున్నంతసేపూ నురగ కుదరనట్టే. గిలక్కొట్టిన పెరుగులా మెరుస్తూ, బ్రష్ ఎత్తితే మొన వంగి నిలబడాలి. డబ్బాలోంచి బుస్సున వచ్చే నురగకు ఈ బరువుండదు. దాన్లో ఎక్కువ భాగం వాయువే.

బ్రష్ వెంట్రుకల్లో పంది కుచ్చుకు ఒక గుణముంది. కొత్తలో గరుకుగా గుచ్చుకుంటుంది, వాడేకొద్దీ కొసలు చీలి మెత్తనవుతుంది. బ్యాడ్జర్ బ్రష్ నీళ్ళు బాగా పట్టుకుంటుంది, ధర కూడా బాగానే ఉంటుంది. జంతు వెంట్రుక వద్దనుకునేవారికి ఇప్పుడు సింథటిక్‌వి మంచివే దొరుకుతున్నాయి, త్వరగా ఆరుతాయి కూడా.

గీసేముందు రెండు రోజుల గడ్డం మీద వేళ్ళు ఆడించి చూడండి. ఒక వైపు నున్నగా, మరో వైపు గరుకుగా తగులుతుంది. నున్నగా వెళ్ళేదే వెంట్రుక వాలు. చెంపల మీద అది కిందికే ఉంటుంది గానీ గొంతు దగ్గర పక్కకో పైకో తిరిగి ఉంటుంది. గొంతు మీద దద్దుర్లు లేచేది చాలామందికి ఈ సంగతి తెలియకే. మొదటి చుట్టు వాలు వెంబడే. మళ్ళీ నురగ పెట్టి రెండోది అడ్డంగా. ఎదురు గీత కావాలంటే మూడోసారి, చర్మం ఓర్చుకుంటేనే. సెలూన్లో చూడండి, క్షురకుడి ఎడమచేతి బొటనవేలు ఎప్పుడూ చర్మాన్ని సాగదీస్తూనే ఉంటుంది. కుడిచేయి నేర్పు అందరికీ కనిపిస్తుంది, నేర్చుకోవలసింది ఆ ఎడమచేతిని చూసి. చివర చన్నీళ్ళు, ఆపైన తడి పటిక. పటిక మంటపెట్టిన చోటల్లా మీరు నొక్కారన్నమాట.

ఇక బ్లేడు. 2020లో అదే ఎం.ఐ.టి. పరిశోధకులు, ఉక్కు కన్నా యాభై రెట్లు మెత్తనైన వెంట్రుక బ్లేడును ఎలా మొద్దుబారుస్తుందో సూక్ష్మదర్శిని కింద చూశారు. అంచు మెల్లగా అరిగిపోవడం కన్నా, వెంట్రుక వంగి తగిలినప్పుడు అక్కడక్కడ పెచ్చులూడడమే అసలు కారణమని సైన్స్ పత్రికలో రాశారు. బ్లేడు లాగుతోందనిపించిన రోజే మార్చేయండి; నాకు నాలుగైదు సార్లకు వస్తుంది. ఈ పాత రకంలో ఏ కంపెనీ బ్లేడైనా ఏ రేజర్‌లోనైనా పడుతుంది. ఇన్ని దశాబ్దాలుగా దీని ధర నేల మీద ఉండడానికి అదీ ఒక కారణం. సెలూన్లో కాగితంతోపాటే రెండుగా విరిచి కత్తికి తొడిగేది ఈ బ్లేడే. తిరుమల కల్యాణకట్టలో టోకెన్‌తో పాటు మన చేతిలో పెట్టేదీ ఈ జాతి బ్లేడే.

ఒక్క మాట. వాడేసిన బ్లేడును చెత్తబుట్టలో పడేయకండి. మూత బిగించిన పాత రేకు డబ్బాకు సన్నని గాడి చేసి అందులో వేస్తూ పోండి, ఒక డబ్బా ఏళ్ళకేళ్ళు వస్తుంది. నిండాక పాత ఇనుప సామాన్లవాడికి అందులో ఏముందో చెప్పి మరీ ఇవ్వండి. మన చెత్తను ఉత్త చేతులతో వేరుచేసేవాళ్ళు ఇంకా ఉన్నారు.