పొద్దున నవల, మధ్యాహ్నం కంపోజింగ్

వర్జీనియా వుల్ఫ్ పేరెత్తితే చైతన్య స్రవంతి గురించి మాట్లాడతాం, ఆమె మనోవేదన గురించి మాట్లాడతాం. ఆమె ఏళ్ల తరబడి సీసపు అక్షరాలు పేర్చిందనీ, పుస్తకాలు సూదీదారంతో కుట్టిందనీ, పార్శిళ్లు కట్టిందనీ, ఊరూపేరూ లేని రచయితల రాతప్రతులు చదివి తిప్పిపంపిందనీ ఎవరూ పెద్దగా చెప్పరు. చెప్పినా, అంత మంచి రచయిత్రికి ఎంత కాలం దండగైపోయిందో అని జాలిపడుతూ చెబుతారు. నాకు దండగలా కనిపించదు. ఆ చాకిరీని తన రాతకు పనికొచ్చేలా మలుచుకోవడంలో ఆమె పనితనం నవలల్లోని పనితనానికి తీసిపోదు.

1916 చివర్లో వర్జీనియా, ఆమె భర్త లెనర్డ్ అచ్చుపని నేర్చుకోవాలనుకున్నారు. ముద్రణ పాఠశాల వాళ్లను చేర్చుకోలేదు. ఆ చదువు అప్రెంటిస్ కుర్రాళ్లకే గానీ నడివయసు దంపతులకు కాదు. 1917 మార్చిలో ఒకనాడు లండన్ ఫారింగ్‌డన్ వీధిలో నడుస్తుంటే అచ్చు సామాన్ల దుకాణం కంటబడింది. చేత్తో నడిపే చిన్న ప్రెస్సు, కొంత కాస్లన్ టైపు, ఎలా వాడాలో చెప్పే 16 పేజీల చిన్న పుస్తకం, అన్నీ కలిపి 19 పౌన్ల 5 షిల్లింగుల 5 పెన్నీలయ్యాయి. సరుకు ఏప్రిల్లో రిచ్మండ్‌లోని వాళ్ల ఇంటికి, హోగార్త్ హౌస్‌కి చేరింది. భోజనాల గదిలో పెట్టారు. ఆ ఇంటికున్న పేరే ప్రెస్సు పేరైంది.

లెనర్డ్ లెక్క వేరే ఉంది. వర్జీనియా అంతకు ముందే తీవ్రమైన జబ్బు నుంచి తేరుకుంది. పొద్దునంతా రాసి, మధ్యాహ్నం కూడా అదే నవల బుర్రలో తిప్పుకుంటూ కూర్చుంటే ప్రమాదమని అతని భయం. చేతికి పని ఉండాలి, బుర్రకు విశ్రాంతి ఉండాలి. అతనికి పుట్టుకనుంచీ చేతులు వణుకుతాయి కాబట్టి కంపోజింగ్ ఆమెకు పడింది, మెషీను లాగడం అతనికి. మొదట్లో ఆమె టైపును విడదీసి గళ్లలో వేస్తూ హెచ్ అక్షరాలను ఎన్ అక్షరాలతో కలిపేసింది. తెలుగు టైపు కేసు ముందు నిలబడిన కంపోజిటరు ఈ మాట వింటే నవ్వుతాడు. గుణింతాలూ వత్తులూ లేని భాషలో ఆ మాత్రం తడబాటా అని.

ఆ ప్రెస్సు ఎంత చిన్నదంటే ఒకటి రెండు పేజీల కంటే ఒకసారి అచ్చు కాదు. ఉన్న టైపూ తక్కువే. పేజీ పేర్చాలి, అచ్చు తియ్యాలి, టైపు విప్పి గళ్లలో వేసుకోవాలి, మళ్లీ పేర్చాలి. ఈ ప్రెస్సు మీద నవల అచ్చువేయడం జరిగే పని కాదు. అందుకే ఆ ఏడాది జులైలో వచ్చిన తొలి పుస్తకం పలచటిది. ఆలుమగల కథలు చెరొకటి, సుమారు 150 ప్రతులు. అందులో ఆమె కథ ‘ద మార్క్ ఆన్ ద వాల్’. గోడ మీద ఒక మచ్చ, దాన్ని చూస్తూ మనసు పోయిన పోకడలు, అంతే. అప్పటికి ఆమె అచ్చయిన నవల ఒక్కటే, అదీ పాతకాలపు పద్ధతిలో నడిచింది. రెండో నవల ‘నైట్ అండ్ డే’ కూడా ఆ బాటలోనే వచ్చింది. కొత్త గొంతు మాత్రం ఈ చిన్న ప్రెస్సుకు పట్టే కథల్లో పుట్టింది. యంత్రం ఇరుకుదైతే రూపం చిన్నదవుతుంది. చిన్న రూపంలో తెగించడానికి భయం తక్కువ. దీన్ని కేవలం కాకతాళీయం అని నేను అనుకోను.

అమ్మకం సంగతి. మొదట స్నేహితులకు ఉత్తరాలు రాశారు. తర్వాత చందాదారులను రెండు తరగతులు చేశారు. కొంత సొమ్ము ముందే కట్టి వచ్చిన ప్రతి పుస్తకమూ తీసుకునేవాళ్లు ఏ తరగతి. ప్రకటన అందుకుని నచ్చితే కొనేవాళ్లు బి తరగతి. 1919లో ‘క్యూ గార్డెన్స్’ వచ్చింది. 150 ప్రతులు, అక్క వెనెస్సా బెల్ చెక్కిన బొమ్మలు. మొదట కదల్లేదు. దంపతులు పల్లెకు వెళ్లి వచ్చేసరికి టైమ్స్ లిటరరీ సప్లిమెంట్ సమీక్ష పుణ్యమా అని గుమ్మంలో ఆర్డర్ల ఉత్తరాలు కుప్పపడి ఉన్నాయి. రెండో ముద్రణ బయటి ప్రెస్సుకు ఇవ్వాల్సి వచ్చింది. బొమ్మల అచ్చు బాగాలేదని అక్క పోట్లాడింది కూడా. రచయితా, అచ్చుపనివాడూ, దుకాణదారూ ఒకే మనిషైతే నిందలన్నీ ఒకే గుమ్మానికి వస్తాయి.

అయినా దీనివల్ల దక్కినది పెద్దది. అప్పటిదాకా ఆమె నవలలు డక్‌వర్త్ సంస్థ వేసేది. దాని యజమాని ఆమె తల్లికి మొదటి పెళ్లిలో పుట్టిన కొడుకు. రాతప్రతి అతని బల్ల మీద పెట్టి తీర్పు కోసం ఎదురుచూడటం ఆమెకు నరకం. 1922లో ‘జేకబ్స్ రూమ్’ సొంత ముద్ర మీద వచ్చాక ఆ నరకం తీరింది. అచ్చు ఎడింబరా ప్రెస్సులో. అట్ట వెనెస్సాది, దుకాణదారులకు నచ్చలేదు. దాని మీద జేకబూ లేడు, గదీ లేదు, అందమైన అమ్మాయి అసలే లేదు! అట్ట మార్చమని ఆజ్ఞాపించే యజమాని లేడు కాబట్టి మార్చలేదు. మన వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ను మొదట తన పత్రిక ‘వివేకవర్ధని’లోనే వేసుకున్నాడు. సొంత పత్రికా సొంత అచ్చూ ఇచ్చే ధీమా ఎలాంటిదో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం 1923ది. పొద్దున ‘మిసెస్ డాలొవే’ రాస్తోంది. మధ్యాహ్నాలు ఎలియట్ కవిత ‘వేస్ట్ లాండ్’ను అక్షరం అక్షరం పేరుస్తోంది. వచనం పేర్చడం ఒక ఎత్తు, కవిత్వం ఇంకో ఎత్తు. కాగితం మీద మనకు ఖాళీగా కనిపించేది అక్షరాలు పేర్చే స్టిక్కులో ఖాళీ కాదు. పాదం చివర మిగిలిన చోటంతా ఎత్తు తక్కువ సీసపు ముక్కలతో నింపాలి, లేకపోతే వరుస ఊగిపోతుంది. కవి వదిలిన మౌనాన్ని కూడా బరువుతో సహా చేత్తో మోయాలి. ఆ పద్యంలో గొంతులు చెప్పాపెట్టకుండా మారిపోతాయి. ‘మిసెస్ డాలొవే’లోనూ ఒక మనసులోంచి ఇంకో మనసులోకి కథ చప్పుడు లేకుండా దాటుతుంది. ఒకటి ఇంకొకదానికి కారణమని రుజువు చెయ్యలేను. రెండు చోట్లా పనిచేసిన చేతివేళ్లు మాత్రం ఒకటే.

అంత నేర్పూ ఒక్కనాటిలో రాలేదు. అంతకుముందు 1918లో కాథరిన్ మాన్స్‌ఫీల్డ్ కథ ‘ప్రెల్యూడ్’ వేసినప్పుడు కొన్ని పేజీల నెత్తిన పుస్తకం పేరే తప్పు పడింది. అదే ఏడాది ‘యులిసిస్’ నవల రాతప్రతి వాళ్ల దగ్గరికి వస్తే, ఈ ప్రెస్సుకు అంత పెద్ద పుస్తకం శక్యం కాదని వదిలేశారు.

1924లో లండన్ టావిస్టాక్ స్క్వేర్‌కు మారాక ప్రెస్సు నేలమాళిగలో ఉండేది. వెనకవైపు పెద్ద గదిలో, అమ్ముడుపోని పుస్తకాల కట్టల మధ్య కూర్చుని ఆమె రాసేది. 1928లో ‘ఒర్లాండో’కు జీవితచరిత్ర అని ఉపశీర్షిక తగిలించింది. అది ఆమె చమత్కారం. దుకాణదారులు నిజంగానే జీవితచరిత్రల అరలో పెడతామన్నారు, ముందస్తు ఆర్డర్లు తగ్గాయి. ఉపశీర్షిక తియ్యలేదు. పుస్తకం మొదటి ఆరు నెలల్లో 8 వేలకు పైగా అమ్ముడైంది.

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట చెప్పకపోతే అన్యాయం. వంటకు ఇంట్లో మనుషులు ఉన్నారు. ప్రతి పెన్నీ లెక్క రాసే లెనర్డ్ ఉన్నాడు. మేనత్త రాసిచ్చిన 2,500 పౌన్లు ఉన్నాయి. ఉద్యోగం చేసుకుంటూ, వంట చేసుకుంటూ, చేతిసొమ్ముతో 500 ప్రతులు వేయించి పుస్తక ప్రదర్శనలో స్టాలు ముందు నిలబడే తెలుగు రచయిత్రి రోజుకూ ఆ రోజుకూ పోలిక పెట్టడం కుదరదు.

ఆమె చివరికి అలిసిపోయింది కూడా. 1938లో తన సగం వాటాను 3,000 పౌన్లకు, భాగస్వామిగా చేరిన జాన్ లేమన్‌కు అమ్మేసింది. దంపతులు చేత్తో అచ్చువేసిన పుస్తకాలు 34, చివరివి 1932లో వచ్చాయి. డైరీల్లో ఆమె విసుక్కున్నది రోజూ ఇంటికొచ్చి పడే రాతప్రతుల మీద. టైపు కేసు మీద అంత విసుగు నాకెక్కడా కనిపించలేదు.