ఉక్కు ఊళ్ల చౌకకాలం

బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎసోటెరిక్ బృందం 2019 నవంబరులో ‘ఎ పిరిక్ ఎగ్జిస్టెన్స్’ అనే ఆల్బమ్ విడుదల చేసింది. మొదటి పాటే 27 నిమిషాలు దాటుతుంది. అదే ఆల్బమ్‌లో ఇంకో పాట పేరు ‘అంతిమ్ యాత్ర’. ఛత్తీస్‌గఢ్‌లోని మా ఉక్కు ఊరు భిలాయిలో ఈ మాట అందరికీ తెలిసిందే. ఇంగ్లండ్ నుంచి వచ్చిన రికార్డు మీద అది కనిపిస్తే ఎవరి చెయ్యైనా ఆగుతుంది. నేనూ అక్కడే ఆగి, వెనక్కి వెళ్లి, ఈ బృందం పాటలన్నీ మొదటి నుంచీ విన్నాను. వాళ్లు వాయించేది డూమ్ మెటల్ అనే నెమ్మదైన, బరువైన సంగీతంలో అతి తీవ్రమైన శాఖ. బయటి నుంచి వింటే ఒకటే హోరు అనిపిస్తుంది. లోపలికి వెళ్తే మాత్రం చాలా కట్టుదిట్టమైన పనితనం ఉంది.

ఈ సంగీతం పుట్టింది కూడా లోహంతో బతికే ఊళ్లోనే. 1965లో బర్మింగ్‌హామ్‌లోని ఒక రేకుల ఫ్యాక్టరీలో టోనీ అయోమీ అనే 17 ఏళ్ల గిటారిస్టు కుర్రాడు పని మానేసే చివరి రోజున మెషీన్‌లో చెయ్యి పెట్టి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలి కొసలు పోగొట్టుకున్నాడు. అతనిది ఎడమచేతి వాటం, కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలు అతికించాడు. గట్టి తీగలు నొక్కితే నొప్పి, అందుకని సన్నని తీగలు కట్టుకున్నాడు. కొన్నాళ్లకు తీగల బిగువు కూడా తగ్గించాడు. అతని బృందం బ్లాక్ సాబత్ 1971లో తెచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో కొన్ని పాటలకు గిటార్ శ్రుతి మూడు మెట్లు కిందికి దిగింది. మామూలుగా సెకనుకు 82 సార్లు కంపించే లావు తీగ అక్కడ సుమారు 69 సార్లే కంపిస్తుంది. బరువుగా, వదులుగా, ఛాతీకి తగిలే ఆ నాదమే డూమ్‌కు పునాది. దెబ్బ తిన్న కార్మికుడి చెయ్యి ఒక సంగీతానికి శ్రుతి పెట్టిందంటే, ప్లాంట్ నీడలో పెరిగిన మాబోటి వాళ్లకు అది ఉత్త కథలా అనిపించదు.

ఆ తర్వాత 1990ల మొదట్లో హాలిఫాక్స్ నుంచి పారడైజ్ లాస్ట్, బ్రాడ్‌ఫర్డ్ నుంచి మై డైయింగ్ బ్రైడ్, లివర్‌పూల్ నుంచి అనాథెమా వచ్చి ఆ నెమ్మదికి డెత్ మెటల్ గర్జనను కలిపారు. వాళ్లకు పేరొచ్చింది, శ్రోతలు పెరిగారు, బాణీలూ కొంత మెత్తబడ్డాయి. 1992లో మొదలైన ఎసోటెరిక్ మాత్రం మెత్తబడలేదు. గాయకుడు, గిటారిస్టు గ్రెగ్ చాండ్లర్, గిటారిస్టు గార్డన్ బిక్‌నెల్ మొదటి నుంచీ దాన్ని మోస్తున్నారు. 1994లో వచ్చిన మొదటి ఆల్బమే రెండు సీడీలు! కొత్త బృందం ఏదీ అలా మొదలుపెట్టదు. 1994 నుంచి 2019 దాకా పాతికేళ్లలో ఏడే ఆల్బమ్‌లు, వాటిలో ఐదు జంట డిస్కులవే. చివరి రెంటికీ మధ్య ఎనిమిదేళ్లు గడిచాయి. చాండ్లర్ సొంత ఊళ్లోనే ప్రయరీ అనే రికార్డింగ్ స్టూడియో నడుపుతూ ఇతర బృందాలకూ పని చేసి పెడతాడు.

ఇక పనితనం సంగతి. ఈ తరహా పాటల్లో నిమిషానికి 40 దరువులకు దిగడం మామూలే. అంటే ఒక దెబ్బకూ మరో దెబ్బకూ నడుమ సెకనున్నర. సినిమా పాట దరువు అరసెకనులో వచ్చిపడుతుంది, అక్కడ చిన్న తడబాటు గుంపులో కలిసిపోతుంది. సెకనున్నర ఖాళీలో డ్రమ్మర్ వెంట్రుకవాసి ముందు కొట్టినా ఊరంతా వింటుంది. కర్ణాటక సంగీతం విన్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మువ్వ క్షేత్రయ్య పదాన్ని చౌకకాలంలో, అంటే బాగా నెమ్మదిగా, నిలబెట్టి పాడటం ఎంత కష్టమో వీణ ధనమ్మాళ్ ఇంటి బాణీ తెలిసినవాళ్లను అడగండి. స్వరానికీ స్వరానికీ మధ్య ఊపిరి, గమకం, నిబ్బరం, అన్నీ బయటపడతాయి. దాచుకోవడానికి వేగం ఉండదు.

దరువుల మధ్య ఆ ఖాళీని నింపేది గిటార్. మామూలు తీగ మీటగానే మోగి ఆరిపోతుంది. డిస్టార్షన్‌లో ఆ మోత అణగారి, సాగి, చాలాసేపు ఒకే బలంతో నిలుస్తుంది. ఎసోటెరిక్‌లో ఎక్కువకాలం గిటార్లు మూడు ఉన్నాయి. ఒకటి కింద బరువైన వరస మోస్తుంది. రెండోది ప్రతిధ్వనులు పేర్చుకుంటూ పొగమంచులా పరుచుకుంటుంది. మూడోది పైన ఎక్కడో ఒంటరి రాగం తీస్తుంది. ఆ మూడూ విడివిడిగా చెవికి అందడం మొదలైతే 20 నిమిషాలు ఎలా గడిచాయో తెలియదు. గొంతు గురించీ అంతే. గర్జించేటప్పుడు అసలు స్వరతంత్రులకు పైనున్న మడతలు కంపించాలి, ఊపిరి పొట్ట నుంచి రావాలి. తెలియక గొంతుతో అరిస్తే వారంలో గొంతు పోతుంది. చాండ్లర్ ఆ గర్జనను ప్రతిధ్వని పరికరాల గుండా పంపి, మాటను దాదాపు వాద్యంగా మార్చేస్తాడు. సాహిత్యం అర్థం కావట్లేదని ఫిర్యాదు చేసేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ఇంత నెమ్మది ఎందుకంటే నా మనసుకు వచ్చే జవాబు మా ఊరిదే. 1955లో సోవియట్ ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్, అప్పటి నుంచి భిలాయి అంటే రైలు పట్టాలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పెట్టె సర్దుకుని వచ్చిన మా పెద్దవాళ్ల మాటల్లో పట్టా ఇంట్లో మనిషిలాంటిది. పట్టా ఉక్కులో చిక్కుకున్న హైడ్రోజన్ బయటికి పోకపోతే లోపల కంటికి కనబడని పగుళ్లు పడతాయి. అందుకే పూర్వం వేడి పట్టాలను గుంతల్లో మూతపెట్టి గంటల తరబడి చల్లార్చే పద్ధతి ఉండేది. దుఃఖానికీ అలాంటి గుంత కావాలి. మూడు నిమిషాల విషాద గీతం కన్నీళ్లు తెప్పించి వదిలేస్తుంది, లోపలి పగులు లోపలే ఉంటుంది. ఎసోటెరిక్ పాట ఓదార్చదు, తొందరపెట్టదు. బాధ తనంతట తాను తగ్గేదాకా పక్కనే ఉంటుంది. పోయినవాళ్ల కోసం పదకొండో రోజు దాకా ఇల్లంతా ఆగిపోయే మనకు ఈ ఓపిక కొత్తదేమీ కాదు.

సుదీర్ఘ కథనం ఈ గడ్డకూ కొత్త కాదు. భిలాయి ప్లాంట్‌లో ఉద్యోగం చేసిన తీజన్‌బాయి పండవానీ అనే మహాభారత కథాగానంలో తంబురా పట్టుకుని నిలబడి, ఒక్క గొంతుతో రాత్రంతా భీముణ్ణీ దుశ్శాసనుణ్ణీ నడిపించింది. 2019లో ఆమెకు పద్మవిభూషణ్ వచ్చింది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పండవానీ విన్న చెవికి 27 నిమిషాల పాట నిడివి ఒక లెక్కా?

మొదటిసారి వినేవాళ్లు ఆ 27 నిమిషాలతో మొదలుపెట్టొద్దు. 1999 నాటి ‘మెటామార్ఫోజెనెసిస్’ తీసుకోండి, మూడే పాటలు, ముప్పావు గంటలో అయిపోతుంది. ఫోన్ స్పీకర్ మీద ఆ మంద్రం పలకదు, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. మొదటి విడత గొంతును పట్టించుకోకుండా డ్రమ్ మీదే చెవి పెట్టండి, రెండోసారి అడుగు గిటార్ మీద. అది నచ్చితే 2008లో వచ్చిన ‘ది మేనియాకల్ వేల్’కు వెళ్లండి. బృందం మొత్తం సత్తువ అందులో ఉందని నా నమ్మకం. ‘అంతిమ్ యాత్ర’ ఆ తర్వాత.