కళ యెవరికి నిర్బంధం?

పాఠశాలల్లో కళావిద్యను నిర్బంధం చేయాలా, వద్దా అన్న చర్చ మన ఉపాధ్యాయ మిత్రుల మధ్య తరచు వస్తున్నది. చేయాలనేవారు సౌందర్యదృష్టి, వ్యక్తిత్వవికాసం అంటారు. వద్దనేవారు కూడికలే సరిగా రాని పిల్లలకు పాటలూ బొమ్మలూ యెందుకంటారు. యీ రెండు పక్షాలూ తమకు తెలియకుండానే వొక విషయంలో యేకీభవిస్తున్నాయి: మన సమాజంలో కళ యింతవరకు యెవరికీ నిర్బంధం కాదని. పాలమూరు పల్లెలు తెలిసినవాడెవడూ యీ మాట వొప్పుకోలేడు. యిక్కడ కళ తరతరాలుగా నిర్బంధమే. అయితే అందరికీ కాదు, ఆ యింట పుట్టినవారికి.

కిన్నెరను తీసుకుందాం. వెదురు బొంగు, యెండిన సొరకాయ బుర్రలు, మెట్లు నిలబెట్టడానికి తేనెమైనం. యీ వాద్యం దక్కలి కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుక్కు దిగుతూ వచ్చింది. దక్కలివారు మాదిగలకు ఆశ్రితులు. అంటరానివారని లోకం దూరం పెట్టినవారి వద్ద చేయి చాచి బతకవలసినవారు. ఆ యింట పుట్టిన పిల్లవాడు కిన్నెర వద్దంటే వాడికి మరో దారి చూపించిన వారు లేరు. కాపు పిల్లవాడు కిన్నెర కావాలంటే తండ్రే చెవి మెలిపెట్టేవాడు. వొకరికి నిర్బంధం, మరొకరికి నిషేధం: భూస్వామ్య వ్యవస్థ అమలుపరచిన కళావిద్యా విధానం యిదే. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాధీశులు పండితులను ఆదరించారనీ, గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు వచ్చిందనీ మన సాహిత్య చరిత్రలు తన్మయత్వంతో చెబుతాయి. యెం.ఏ.లో నేనూ ఆ పేజీలు వల్లె వేసినవాణ్నే. ఉన్నవాడిని దోచి లేనివాడికి పంచిన పండుగొల్ల సాయన్న కథను బతికించిన కిన్నెరగాడి సంగతి ఆ పేజీల్లో నాకు కనిపించలేదు.

నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర పేరు యిప్పుడందరికీ తెలుసు. తెలంగాణ ప్రభుత్వం ఆయన కళను 8వ తరగతి సాంఘికశాస్త్రంలో చేర్చింది. 2021లో ఆయన గొంతు సినిమా పాటలో వినిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన యిళ్ళు కట్టేచోట దినకూలీకి పోతున్నారని పత్రికలు రాశాయి. బిరుదు కడుపు నింపదన్నది పాత సంగతే గనుక దాన్ని వదిలేస్తాను. నా ఆక్షేపణ పాఠం మీద. మన పరీక్షల తీరు యెరిగినవారికి ఆ పాఠం గతి యేమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. కిన్నెరకు మెట్లెన్ని? పన్నెండు. వొక మార్కు. పాఠంలో కిన్నెర వున్నది, బడిలో లేదు. పట్టి చూపించేవాడూ లేడు.

చట్టంలో మాత్రం కొరత లేదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక సందర్భంలో కళలపై యేర్పడిన బృందం పదవ తరగతి వరకు వీటిని నిర్బంధ విషయంగా పెట్టమన్నది. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతుల బడికి కళావిద్యకు బోధకుణ్ని యివ్వమన్నది. అయితే పార్ట్‌టైం బోధకుణ్ని. అదీ పిల్లల సంఖ్య నూరు దాటితేనే. 99 మంది వున్న తండా బడికి కళ అక్కరలేదని మన శాసనకర్తలు తేల్చారన్నమాట! 2020 జాతీయ విద్యావిధానం పాఠ్యాంశాలకూ కళలకూ మధ్య గోడలుండరాదని చెప్పింది. గోడ సంగతి తర్వాత; గోడకు యీవల మనిషే లేడు. మన ప్రోగ్రెస్ కార్డుల్లో కళలకు వొక గడి వున్నది. చెప్పనివాడు, నేర్వనివాడికి, జరగని పరీక్షకు అందులో గ్రేడు వేస్తాడు.

యిక్కడ వొక ప్రమాదం గురించి హెచ్చరించాలి. కళావిద్య అనగానే “స్థానిక కళలే నేర్పుదాం” అనే ఉత్సాహవంతులు మనలోనూ వున్నారు. గద్వాల నేతలో నూలు వొంటికి పట్టు అంచును మగ్గం మీదే పోగుపోగునా కలిపే పనితనం చూస్తే నాకూ ఆ ఉత్సాహం కలుగుతుంది. కాని నేతగాని కొడుక్కు మగ్గమూ, దక్కలి పిల్లవాడికి కిన్నెరా, కరణంగారి అబ్బాయికి వీణా అని పంచితే అది విద్య కాదు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజగోపాలాచారి సగంపూట చదువు, మిగతాపూట యింటి వృత్తి అన్నాడు. జనం దాన్ని కులవిద్య అని పిలిచి యెదిరించారు. 1954లో ఆయన పదవి వదిలాడు, పథకమూ పోయింది. యీ చరిత్రను మరచి స్థానికత అంటూ మురిసిపోరాదు.

కళ పుట్టుకను వదిలి బయటికి రాలేదా? వచ్చింది. మన ఉద్యమమే తెచ్చింది. యాచక కులాల జంగంకథను షేక్ నాజర్ అందిపుచ్చుకున్నాడు. గుంటూరు సీమ ముస్లిం పేదయింటి బిడ్డ! 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి దాన్ని బుర్రకథగా పల్లెపల్లెకూ తీసుకుపోయింది. యెవడు యే కులమని అడగకుండా దళాలు కట్టారు. ఉద్యమం కొన్నేళ్ళు చేసిన పనిని బడి యేటేటా చేయగలదు. అందుకే నేను నిర్బంధం కావాలంటాను. నిర్బంధం మొదట ప్రభుత్వానికి: ప్రతి బడికీ పూర్తి జీతంతో కళాబోధకుడు, డిగ్రీ లేని కళాకారుడికీ ఆ ఉద్యోగం, బడి డబ్బుతో వాద్యాలూ రంగులూ. పిల్లవాడికి వారంలో ఆ గంటలు తప్పనిసరి; యే కళ అన్నది వాడి యిష్టం. పరీక్ష పెట్టారా, మరునాడే పట్నంలో దానికీ ట్యూషన్లు మొదలవుతాయి.

వనపర్తిలో నా తరగతిలో వొకసారి అడిగాను: బడిలో యేదైనా వాద్యం చేతపట్టినవారు చేతులెత్తండి. యిద్దరు యెత్తారు, పంద్రాగస్టు బ్యాండులో డ్రమ్ము కొట్టినవారు. గంట అయ్యాక వొక విద్యార్థి వరండాలో కలిశాడు.

“మా తాత కిన్నెర వాయిస్తుండె సార్. ఇంట్ల ఇప్పటికీ ఉన్నది.”

“మరి క్లాసులో చెప్పలేదేం?”

“చెప్తె మేమెవరమో తెలుస్తది గద సార్.”

నా ఉత్సాహం ఆగలేదు. బడిలో నేర్పివుంటే నువ్వూ వాయించేవాడివి కదా అన్నాను. కాసేపు నేల చూశాడు.

“నాకు బొమ్మలేసుడు నేర్వాలని ఉండె సార్,” అన్నాడు.