అరకు రైల్లో ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా

విశాఖ నుంచి అరకు ఎక్కే కిరండూల్ రైల్లో కూర్చుని జపాన్ బ్యాండ్ వినడం విడ్డూరంగా అనిపించొచ్చు. కానీ ఆ పట్టాలు పడిందే జపాన్ గిరాకీ కోసం. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి అక్కడికి ఎగుమతి చేయడానికే 1960లలో ఈ కొండల్ని తొలిచారు.

ఆ బ్యాండ్ పేరు ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా. 1978లో హరువోమి హొసోనో, ర్యుయిచి సకమోటో, యుకిహిరో తకహాషి టోక్యోలో మొదలుపెట్టారు. అదే ఏడాది వచ్చిన మొదటి ఆల్బమ్ దాదాపు మాటల్లేని సింథ్ పాప్. అందులో నన్ను వదలని ట్రాక్ 'ఫైర్‌క్రాకర్'.

అసలు బాణీ వీళ్లది కాదు. 1959లో మార్టిన్ డెన్నీ అనే అమెరికన్‌ది. హవాయిలో టూరిస్టుల కోసం గంటలు, పక్షి కూతలు కలిపి ఒక 'తూర్పు దేశాన్ని' వినిపించేవాడాయన. అలాంటి దేశం ఎక్కడా లేదు.

వీళ్లు దాని మీద కోప్పడలేదు. ఆ బాణీనే తీసుకుని సీక్వెన్సర్‌కి ఎక్కించారు. ముందు వీడియో గేమ్ మోతలు, ఆ వెంటనే తడబాటు ఎరగని బీట్. 'మీరనుకునే ఆసియా ఇదేగా, ప్లాస్టిక్‌లో పోతపోసి ఇస్తున్నాం, తీసుకోండి' అన్నట్టుంటుంది. పైగా కాలు ఆగదు. వెటకారం డాన్స్ చేయించడం అంత తేలిక కాదు.

అయితే అదే ఆల్బమ్‌లోని 'తోంగ్ పూ' దగ్గర నాకు చిన్న పేచీ ఉంది. సకమోటో బాణీ అందమైనదే. కానీ ఈసారి చైనాను ఊహించుకుంటున్నది జపాన్, ఒకప్పుడు దాన్ని ఆక్రమించిన దేశం. అక్కడ వెటకారం పదును తగ్గి, ముచ్చట మిగులుతుంది.

అరకులో దిగితే టూరిస్టుల కోసం థింసా. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు. ఊరి పండగలో తెల్లారేదాకా సాగే ఆట ఇక్కడ ఫొటోలకు సరిపడా మాత్రమే. ఇక మన సినిమాల్లో గిరిజన పాటంటే ఈకలు, పూసలు, అర్థంలేని అరుపులు. డెన్నీ చేసిన పనే మనమూ చేస్తున్నాం.

మరి థింసాకి సింథ్ కలిపితే? కలిపేదెవరన్నదే అసలు సంగతి. హైదరాబాద్ నుంచి ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి తుడుము మోత రికార్డ్ చేసుకొస్తే మనం ఇంకో డెన్నీలం. అరకు అమ్మాయెవరో మన సినిమా 'గిరిజన పాట'ను ఫోన్లో ముక్కలు చేసి, మెలితిప్పి మనకే వినిపిస్తే అది 'ఫైర్‌క్రాకర్'. అందులో తుడుము ఉండక్కర్లేదు కూడా. అప్పుడు మనకు నవ్వొస్తుందో, కోపమొస్తుందో చూడాలి.